జిప్సీ జాజ్‌కి ఇంకాస్త మంచి గిటార్ కావాలి, ఏం చూసి తీసుకోవాలి?

రెండో_గిటార్ (ప్రశ్న)

మాది జిప్సీ జాజ్ గ్రూపు, 1930ల్లో పారిస్‌లో జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టు పేరు తెచ్చిన బాణీ. అందులో నేను రిథమ్ వాయిస్తాను, అంటే సోలో వెనక కార్డులు (కలిపి మోగించే స్వరాలు) కొడుతూ లయ నిలబెట్టడం. ఒక వయొలిన్, ఒక డబుల్ బాస్, రెండు గిటార్లు, అంతే. డ్రమ్స్ లేవు. సోలోలన్నీ అవతలి గిటారిస్టువే. ఆయనకి మంచినీళ్లు తాగాలనిపించినప్పుడు ఒక కోరస్ (పాట ఒక చుట్టు) నాకు దక్కుతుంది.

నా దగ్గరున్నది సెల్మర్ అనే పాత పారిస్ కంపెనీ గిటార్ల నమూనాలో చేసిన ఫ్యాక్టరీ గిటార్. ఓవల్ హోల్ (కోడిగుడ్డు ఆకారపు కంత), 670 మి.మీ. స్కేల్ (తీగ మోగే పొడవు), 14వ ఫ్రెట్ దగ్గర నెక్ బాడీలో కలుస్తుంది. పై చెక్కతో సహా అంతా ప్లైవుడ్డే. నేర్చుకునే రోజుల్లో దీనితో ఏ ఇబ్బందీ రాలేదు. నెక్ తిన్నగా ఉంది, శ్రుతి నిలుస్తుంది, ఫ్రెట్లు ఇంకా అరగలేదు. వచ్చిన చిక్కల్లా వేగం పెరిగినప్పుడే. నిమిషానికి 220 బీట్లు దాటాక నా కార్డులు కార్డుల్లా వినిపించవు, చక్ చక్ మని చప్పుడే మిగులుతుంది. మా బాసిస్టు అయితే "నువ్వు మేజర్ పట్టావో మైనర్ పట్టావో నీ చెయ్యి చూస్తేగానీ తెలియట్లేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, ఉన్న మాటే అన్నాడు.

ఇంకో సంగతి. గట్టిగా కొట్టిన కొద్దీ శబ్దం ఒక హద్దు వరకే పెరుగుతుంది. ఆ పైన ఎంత బలం పెట్టినా పెరిగేది గరగర మాత్రమే.

అందుకని గిటార్ మార్చాలనుకుంటున్నాను. ఇలాంటివి మాటిమాటికీ కొనేవి కావు కాబట్టి ముందే అడుగుతున్నా. రిథమ్‌కి డి హోల్ (D అక్షరం ఆకారపు కంత) మంచిదా, ఓవలా? అంతా సాలిడ్ చెక్కే (పొరలు అతికించని ఒకే చెక్క) ఉండాలా, పై చెక్క ఒక్కటి సాలిడ్ అయితే చాలా? ఫ్యాక్టరీ వాటిలో పై రకం కొత్తది తీసుకోవాలా, లేక చేతితో చేసినదేదైనా సెకండ్ హ్యాండ్‌లో వెతకాలా? కొన్ని వాయించి చూశాను. గమ్మత్తేంటంటే, ఒళ్లో పెట్టుకోగానే నాకు నచ్చినవేవీ మా సోలో గిటారిస్టుకి నచ్చలేదు. ఎదురుగా కూర్చుని విని పెదవి విరిచాడు. ఇద్దరిలో ఎవరి చెవిని నమ్మాలి?


కొయ్య_బ్రిడ్జి

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. ఎదురుగా కూర్చున్న ఆయన చెవినే నమ్మండి.

మనలో చాలామంది మామూలు అకూస్టిక్ గిటార్ మీద నేర్చుకుని ఇటు వచ్చినవాళ్లే. బాస్ నిండుగా ఉండటం, మీటిన తీగ చాలాసేపు మోగుతూ ఉండటం మంచి గిటార్ లక్షణాలని చెవికి అలవాటైపోయింది. ఈ గిటార్ చేయాల్సిన పని వేరు. స్వరం టక్కున పుట్టాలి, ముందుకు దూసుకుపోవాలి, తొందరగా ఆరిపోవాలి. వాయించేవాడి ఒళ్లో అది పొడిగా, కాస్త మొరటుగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. మూడు మీటర్ల అవతల నిలబడి వింటే అదే గిటార్‌లో కార్డులోని ఒక్కో స్వరం విడివిడిగా తెలుస్తుంది. గదిలో ఒక్కళ్లమే ఉన్నప్పుడు కమ్మగా మోగిన గిటార్, వయొలిన్ పక్కన చేరేసరికి అడ్రస్ లేకుండా పోవడం ఇక్కడ మామూలే.

ఇది యాదృచ్ఛికం కాదు. మారియో మకాఫెర్రీ అనే ఇటాలియన్ క్లాసికల్ గిటారిస్టు ఈ గిటార్‌కి రూపం ఇచ్చాడు. ఆయన వాయిద్యాలు చేయడం కూడా నేర్చినవాడు. శాక్సొఫోన్లు, క్లారినెట్లు చేసే పారిస్ కంపెనీ సెల్మర్ దాన్ని 1932లో అమ్మకానికి తెచ్చింది. బ్యాండులో మిగతా వాయిద్యాల మధ్య గిటార్ వినపడాలంటే మైకు మీద ఆధారపడలేని రోజులవి. అందుకే పై చెక్క పల్చన, లోపల బ్రేసులు (ఆసరా పట్టీలు) అడ్డంగా, నిచ్చెన మెట్లలా. బ్రిడ్జి (తీగలు ఆనే కొయ్య ముక్క) దగ్గర పై చెక్కని కొద్దిగా వంచుతారు, పాత ఇటాలియన్ మాండొలిన్లలో ఉన్నట్టే. ఆ వంపు వల్లే అంత పల్చని చెక్క కూడా తీగల ఒత్తిడిని తట్టుకుంటుంది. బ్రిడ్జిని అతికించరు, తీగల బరువు మీదే నిలబడుతుంది. తీగల చివర్లు వెనక టెయిల్‌పీస్‌కి తగులుకుంటాయి. ఇవన్నీ కలిస్తేనే ఆ పొడి గొంతు. చవక గిటార్లలో చాలావాటికి ఆకారం ఉంటుంది, ఆ వంపు మాత్రం పేరుకే ఉంటుంది. గిటార్‌ని కంటి ఎత్తుకి పట్టుకుని పక్క నుంచి బ్రిడ్జి వైపు చూడండి, చెక్క వంపు తిరిగిందో లేదో తెలిసిపోతుంది.

డి హోల్, ఓవల్ సంగతికి వద్దాం. మకాఫెర్రీ మొదట చేసింది డి హోల్. నెక్ 12వ ఫ్రెట్ దగ్గర కలుస్తుంది, స్కేల్ 648 మి.మీ. దగ్గర ఉంటుంది. లోపల రెజొనేటర్ అని ఒక చెక్క పెట్టె కూడా పెట్టేవాడు. అది వదులై గలగలలాడుతుంటే చాలామంది పీకేయించుకున్నారు. ఆయన 1933లో కంపెనీ వదిలి వెళ్లాక సెల్మర్ వాళ్లు మెల్లగా ఓవల్ హోల్‌కీ, 14 ఫ్రెట్ల నెక్‌కీ, 670 మి.మీ. స్కేల్‌కీ మారారు. జాంగో క్వింటెట్ (ఐదుగురి గ్రూపు) ఫొటోలు చాలావాటిలో జాంగో రైన్‌హార్ట్ చేతిలో ఓవల్, పక్కన రిథమ్ వాళ్ల చేతుల్లో డి హోల్ కనిపిస్తాయి కాబట్టి "సోలోకి ఓవల్, రిథమ్‌కి డి" అన్న మాట స్థిరపడింది. మాటలో నిజం లేకపోలేదు. డి హోల్ కార్డుని కాస్త వెడల్పుగా విసురుతుంది, ఓవల్ ఒక్కో స్వరాన్ని బాణంలా పంపుతుంది. కానీ ఇప్పుడు దొరికే వాటిలో డి హోల్ పెట్టి 14 ఫ్రెట్లు, పొడుగు స్కేల్ ఇచ్చినవీ ఉన్నాయి. అలాంటప్పుడు కంత ఆకారం చూసి గొంతు ఊహించలేం. స్కేల్ ఎంత, నెక్ ఎక్కడ కలుస్తోంది అన్నవి ముందు అడగండి.

సాలిడ్ చెక్క గురించి ఒక్క మాట. పై చెక్క సాలిడ్ స్ప్రూస్ అయి తీరాలి, ఇందులో బేరం లేదు. మీ గిటార్‌లో గట్టిగా కొట్టినా శబ్దం పెరగకపోవడానికి మొదటి అనుమానం ఆ ప్లైవుడ్ టాప్ మీదే. వెనక, పక్క చెక్కల సంగతి వేరు. అసలు సెల్మర్లలోనే అవి లామినేట్ (పొరలు అతికించినవి). బయటి పొర ఇండియన్ రోజ్‌వుడ్, లోపల మహాగని. వెనకభాగం బిర్రుగా, బరువు లేకుండా ఉండి శబ్దాన్ని ముందుకి తోస్తే చాలు. "ఆల్ సాలిడ్" అన్న లేబుల్‌కి ఇంకో జాతి గిటార్లలో ఉన్న విలువ ఇక్కడ లేదు. దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి. గొంతు నచ్చి తీసుకుంటే, అందులో అది ఉంటే, ఉండనివ్వండి.

సరే, ఇవన్నీ చెప్పినా, డబ్బు తీసే ముందు ఉన్న గిటార్‌నే ఒకసారి చూసుకోండి. గదిలో లైటు ఆర్పి, బ్రిడ్జి వెనక టార్చి పెట్టి, ముందు నుంచి బ్రిడ్జి పాదాల కింద చూడండి. వెలుగు సన్నగా కారుతోందా? కారితే పాదం చెక్కకి పూర్తిగా ఆనలేదన్నమాట. పల్చటి కాగితం ముక్క ఎక్కడెక్కడ దూరుతుందో పెట్టి చూస్తే ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది. సరిచేయడానికి బ్రిడ్జి ఉన్న చోటుకి రెండు పక్కలా మాస్కింగ్ టేప్‌తో గుర్తు పెట్టుకుని, తీగలు వదులు చేసి, బ్రిడ్జి తీసి, అక్కడే చెక్క మీద సన్న గరుకు కాగితం గరుకు వైపు పైకి ఉండేలా పరచి, బ్రిడ్జి పాదాల్ని దాని మీద మెల్లగా ముందుకీ వెనక్కీ రుద్దాలి. పాదం ఆ చెక్క వంపునే అచ్చు దించుకుంటుంది. మళ్లీ పెట్టాక 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకుని బ్రిడ్జి స్థానం సర్దండి. ఫ్యాక్టరీ గిటార్లలో ఈ పని సరిగ్గా చేసి పంపినది అరుదు.

తీగలేవి వేశారు? యాక్షన్ (ఫ్రెట్ మీద తీగ ఎత్తు) ఎంత ఉంది? ఇవి చెప్పండి, తరవాత మాట్లాడదాం.


లావు_పిక్

పై ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ, ఇలాంటి ప్రశ్నలకి అందరూ చెక్క గురించే మాట్లాడతారు, చెయ్యి గురించి ఎవరూ అడగరు. మీ పిక్ మందం ఎంత? మామూలు 1 మి.మీ. పిక్ పట్టుకుని ఈ గిటార్‌కి గొంతు లేదంటే గిటార్ ఏం చేస్తుంది? మాలో చాలామంది వాడేవి 3.5 మి.మీ., కొందరివి 5 మి.మీ. కూడా. పిక్ వంగకూడదు. అది వంగితే మీ బలంలో సగం దానికే సరిపోతుంది.

మణికట్టు పై చెక్కకి ఆనించి వాయిస్తున్నారేమో కూడా చూసుకోండి. ఇక్కడ చెయ్యి గాల్లో ఉంటుంది, మణికట్టు కొంచెం మడిచి. సోలోలో కిందికి కొట్టిన పిక్ తరవాతి తీగ మీద వాలి ఆగుతుంది, రెస్ట్ స్ట్రోక్ అంటాం. కొత్త తీగ మీదికి వెళ్లినప్పుడల్లా కింది స్ట్రోక్‌తోనే మొదలుపెట్టాలి. చేతి బరువంతా తీగలోకి దిగేది అప్పుడే. రిథమ్‌లో కూడా ఆ బరువే. బలంతో కొట్టకండి, చెయ్యిని వదిలేయండి.

1946లో జాజ్ బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎలింగ్టన్‌తో అమెరికా పర్యటనకి వెళ్లినప్పుడు జాంగో చేతిలో ఉన్నది గిబ్సన్ ఎలక్ట్రిక్. తన సెల్మర్‌కీ దానికీ పోలికే లేదు. అయినా ఆ రికార్డింగులు వింటే రెండు బార్లలో (తాళం ఆవృత్తాల్లో) మనిషెవరో తెలిసిపోతుంది. అంతమాత్రాన గిటార్ కొనొద్దనను. కొనండి. ముందు పిక్ కొనండి.


రెండో_గిటార్

ఇద్దరికీ థాంక్స్.

పిక్ సంగతి ముందు. 3.5 మి.మీ. పిక్కే వాడుతున్నానండి, మొదట్నుంచీ. మణికట్టు కూడా గాల్లోనే. నేర్పినవాళ్లు ఆ విషయంలో ఊపిరి ఆడనివ్వలేదు.

టార్చి పరీక్ష చేశాను. ట్రెబుల్ వైపు పాదం కింద వెలుగు కనిపించింది, బాస్ వైపు బాగానే ఆనింది. యాక్షన్ 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ మీద 2 మి.మీ. లోపే ఉంది. ఇది కొన్నప్పుడు ఇలా లేదు. ఆ మధ్య సెటప్‌కి ఇచ్చిన చోట, నేను అడక్కుండానే, వేళ్లకి సుఖంగా ఉంటుందని బ్రిడ్జిని అరగదీసి పంపారు. మామూలు అకూస్టిక్ గిటార్లు చూసుకునేవాళ్లు, వాళ్లకి ఇదే మర్యాద అనిపించి ఉంటుంది. తీగలు ఆర్జెంటీన్ రకం 10ల సెట్టు (సన్న తీగ మందం 0.010 అంగుళం).

ఎత్తు ఎక్కువున్న కొత్త బ్రిడ్జి తెప్పించి, మీరు చెప్పినట్టు పాదాలు రుద్ది కూర్చోబెట్టాను, 11ల సెట్టు వేశాను. ఇప్పుడు యాక్షన్ 3 మి.మీ. తేడా నేను అనుకున్నదానికన్నా ఎక్కువే. గరగర పోయింది. బాసిస్టుకి ఇప్పుడు మైనర్ కార్డు మైనర్‌లా వినిపిస్తోందట. కానీ ఆ హద్దు అలాగే ఉంది. వయొలిన్ జోరందుకున్నప్పుడు ఇంకొంచెం ఇద్దామంటే దీనిలో ఇంకేం లేదు.

ఈలోపు రెండు గిటార్లు దగ్గరికొచ్చాయి. మొదటిది కొత్త ఫ్యాక్టరీ గిటార్, ఓవల్, 670 మి.మీ., సాలిడ్ స్ప్రూస్ టాప్, రోజ్‌వుడ్ లామినేట్ వెనకభాగం. మెరుస్తూ ఉంది, వాయించడానికి హాయిగా ఉంది. రెండోది చేతితో చేసినది, వాడినది. డి హోల్, 12 ఫ్రెట్లు, పొట్టి స్కేల్, లోపల రెజొనేటర్ లేదు. నెక్ లావుగా, పట్టుకుంటే పిడికిలి నిండుతుంది. వార్నిష్ అక్కడక్కడా పోయింది. నా చెవికి మొదటిది కమ్మగా ఉంది. రెండోది తిట్టినట్టు మాట్లాడుతోంది. ఎదురుగా కూర్చున్న ఆయన రెండోదే అంటున్నారు, మళ్లీ.


వయొలిన్_పక్కన

నేను గిటార్ వాయించను. మా గ్రూపులో వయొలిన్ నాది. కాబట్టి చెక్క గురించి నాకేం తెలీదు, రోజూ వినేదాన్ని గురించి చెప్పగలను.

డ్రమ్స్ లేని గ్రూపులో రిథమ్ గిటారే డ్రమ్. 1934లో మొదలైన జాంగో గ్రూపు హాట్ క్లబ్ క్వింటెట్‌లో వయొలిన్, బాస్, మూడు గిటార్లు. ఆ మూడింట్లో రెండు రిథమ్‌కే. అందులోని స్టెఫాన్ గ్రాపెల్లి వయొలిన్ అంత తేలిగ్గా గాల్లో తిరిగిందంటే కింద నేల అంత గట్టిగా ఉంది కాబట్టే. రెండో బీట్, నాలుగో బీట్ మీద ఆ తెగ్గొట్టిన చప్పుడు నాకు కావాలి. నేను ఎక్కడ ఆలస్యంగా రావాలో, ఎక్కడ ముందుకు తోయాలో దాన్ని పట్టుకునే నిర్ణయించుకుంటాను. బీట్‌కీ బీట్‌కీ మధ్య ఖాళీ లేకపోతే నా స్వరాలకి చోటు ఉండదు.

మా గ్రూపులో రిథమ్ ఆయన కొన్నాళ్లు ఒక పెద్ద బాడీ అకూస్టిక్ గిటార్ తెచ్చేవారు. బ్రహ్మాండమైన గొంతు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తినా లోపల ఏదో మోగుతూనే ఉండేది. కింది స్వరాలన్నీ బాస్ మీద పడి బాస్ ఏ స్వరం వాయిస్తోందో నాకు తెలిసేది కాదు, నా శ్రుతి అటూ ఇటూ అయ్యేది. ఇప్పుడు ఆయన వాయించే గిటార్ ఒంటరిగా వింటే అట్టపెట్టె మీద కొట్టినట్టే ఉంటుంది. నాకు మాత్రం అది దేవుడిచ్చిన గిటార్.

మీకు కమ్మగా ఉన్నదాన్ని మీ వయొలిన్ వాళ్లని అడక్కుండా కొనకండి.


కొయ్య_బ్రిడ్జి

వయొలిన్ గారు ఒక్క పోస్టులో తేల్చేశారు.

రెండో గిటార్ గారూ, మీ వివరాలు చూశాక నా మనసు కూడా డి హోల్ వైపే ఉంది. కానీ వాడిన గిటార్ కాబట్టి కళ్లు మూసుకుని తీసుకోకండి.

మొట్టమొదట నెక్ కోణం. బ్రిడ్జి ఎంత ఎత్తుంది, దాన్ని ఇంకా తగ్గించడానికి చోటుందా అని చూడండి. బ్రిడ్జి అప్పటికే బాగా అరగదీసి ఉండి, అయినా యాక్షన్ 4 మి.మీ.కి పోతోందంటే నెక్ ముందుకి లేచిపోయిందని అర్థం. దాన్ని విప్పి మళ్లీ కూర్చోబెట్టడం పెద్ద పని, ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి. పాత పద్ధతిలో చేసిన నెక్‌లలో లోపల లోహపు బద్దీ ఉంటుంది గానీ తిప్పి సరిచేసే ట్రస్ రాడ్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు నెక్ ఇవాళ ఎలా ఉందో అదే దాని జాతకం. మొదటి ఫ్రెట్, 14వ ఫ్రెట్ రెండూ ఒకేసారి నొక్కి మధ్యలో తీగకీ ఫ్రెట్‌కీ ఎంత సందుందో చూడండి. కాగితమంత సందు ఉంటే చాలు. విజిటింగ్ కార్డు రెండు మడతలు దూరితే వద్దు.

తరవాత పై చెక్క. బ్రిడ్జి ముందు భాగం కుంగిందా అని పక్క నుంచి చూడండి. ఫింగర్‌బోర్డు అంచుల వెంట, సౌండ్‌హోల్ నుంచి కిందికి సన్నని పగుళ్లు ఉన్నాయేమో వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి వెతకండి. అతికించి కుదిరిన పగులు ఉంటే భయపడక్కర్లేదు, ఈ గిటార్లలో అది మామూలే. వేలి గుబ్బతో పై చెక్క అంతటా తడుతూ వెళ్లండి. ఎక్కడైనా బుర్రు మంటే లోపల బ్రేసు ఊడినట్టు.

ఇక వాయించి చూసే పద్ధతి. జీ మైనర్ 6 పట్టండి, మూడో ఫ్రెట్ దగ్గర, ఈ సంగీతంలో ఎక్కడ చూసినా ఉండేదే. మొదట ఎదుటివాళ్లు మాట్లాడుకుంటుంటే వినిపించనంత మెల్లగా నాలుగు బార్లు. అందులోనూ ఒక్కో స్వరం విడిగా వినిపించాలి. తరవాత మెల్లమెల్లగా పెంచుతూ మీ చేతి బలమంతా వాడండి. మీరు ఆగిపోవాలి గానీ గిటార్ ఆగిపోకూడదు. మీ పాత గిటార్‌లో లేనిది ఇదే. ఆ తరవాత ఎడమ చెయ్యి ఎత్తి పట్టు వదలండి. ఎంత త్వరగా నిశ్శబ్దం అవుతుందో వినండి. సన్న తీగ మీద 10వ ఫ్రెట్ పైన ఒక్కో స్వరం మీటి అది పల్చగా టింగుమంటోందా, కండ ఉందా చూడండి. మీకు సోలో తక్కువే కాబట్టి దీనికి మరీ పట్టింపు వద్దు. చివరగా గిటార్ సోలో గిటారిస్టుకిచ్చి మీరు ఎదురుగా నిలబడండి. మీ చెవితోనే ఎదురు నుంచి వినండి. ఇన్నాళ్లూ ఆయన విన్నదేంటో అప్పుడు తెలుస్తుంది.

నెక్ లావుగా ఉందన్నారు. అది సెల్మర్ లక్షణమే, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు 45 మి.మీ. దాటి ఉంటుంది. బొటనవేలు పైనుంచి తెచ్చి లావు తీగ నొక్కే అలవాటుంటే మొదట్లో చెయ్యి గోల చేస్తుంది. 12 ఫ్రెట్లు, పొట్టి స్కేల్ కాబట్టి ఎడమ చెయ్యి దూరాలు తగ్గుతాయి, ఆ మేరకి సర్దుకుంటుంది. తీగల బిగువు కూడా తగ్గుతుంది. అదే తీగ, అదే శ్రుతి అయినా 670 మీద 648 కన్నా దాదాపు 7 శాతం ఎక్కువ టెన్షన్ పడుతుంది. అందుకే 670 మీద 10లు వేసుకునేవాళ్లు పొట్టి స్కేల్ మీద 11లు వేస్తారు. 12లు, ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు మాత్రం ఎవరు చెప్పినా వేయకండి. పల్చని టాప్ వాటికోసం చేసింది కాదు, గొంతు కూడా చచ్చిపోతుంది. వెండి పూత ఉన్న రాగి చుట్టిన తీగలే దీనికి సరి.

ఫ్యాక్టరీ గిటార్‌ని తీసిపారేయట్లేదు. జిటాన్, ఆల్టమిరా లాంటివాళ్ల సాలిడ్ టాప్ గిటార్లతో స్టేజీ ఎక్కేవాళ్లు చాలామందే ఉన్నారు. మీది సోలో అయ్యుంటే ఆ ఓవల్‌నే తీసుకోమని, బ్రిడ్జి మార్చుకోమని అనేవాణ్ని. చేతితో చేసినవాటిలో మోరిస్ డూపాన్, ఫావినో లాంటి పేర్లు తగిలితే సరే. ఫావినోల బాడీ సెల్మర్ కన్నా కాస్త పెద్దది, గొంతు కూడా అంతే నిండుగా ఉంటుంది. పేరు లేనిదైతే పేరు గురించి ఆలోచించకండి. అసలు సెల్మర్లు 1952తో ఆగిపోయాయి, మొత్తం చేసినవే వెయ్యికి లోపు. జాంగో వాయించిన 503 నంబరు గిటార్ పారిస్ మ్యూజియంలో ఉంది. మనం వాయించేవన్నీ వాటి దారిలో ఇంకొకరు చేసినవే.


మైకు_ముందు

స్టేజీ మీద ఎలా వినిపిస్తారో ఎవరూ అడగలేదు కాబట్టి క్లుప్తంగా. నేను సౌండ్ పని చేస్తాను. ఈ గిటార్లకి బ్రిడ్జిలో పెట్టే పికప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆ పొడి గొంతు కాస్తా రబ్బరు లాగినట్టు అవుతుంది. గిటార్‌కి తగిలించే చిన్న కండెన్సర్ మైకు మేలు. సౌండ్‌హోల్‌లోకి గురిపెట్టకండి, అక్కడ బాస్ ఉబ్బి ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. బ్రిడ్జికీ సౌండ్‌హోల్‌కీ మధ్య, కొంచెం ట్రెబుల్ వైపు. మరీ గోలగా ఉండే చోట మైకు, పికప్ రెండూ కలిపి, పికప్ పాలు తక్కువ పెడతాం.

డి హోల్ పెద్దది, కాబట్టి గట్టి వాల్యూమ్‌లో ఓవల్ కన్నా ముందు ఊళ పెడుతుంది. పెద్ద స్టేజీలు ఎక్కువైతే అది కూడా లెక్కలోకి తీసుకోండి. డ్రమ్స్ లేని నలుగురి గ్రూపుకి, చిన్న హాల్లో, ఒక మంచి మైకు అందరి మధ్యలో పెట్టి మీరే ముందుకీ వెనక్కీ జరిగితే సగం సమస్యలుండవు.


రెండో_గిటార్

తీసుకున్నాను. డి హోల్‌నే.

మీరు చెప్పినట్టే అంతా చూశాం. సౌండ్‌హోల్ కింద ఒక పాత పగులు ఉంది, అతికించి ఉంది. వేలితో తడితే ఎక్కడా బుర్రు మనలేదు. నెక్ దాదాపు తిన్నగా ఉంది, బ్రిడ్జికి ఇంకా తగ్గించే చోటుంది. గిటార్ ఆయనకిచ్చి నేను అవతల నిలబడితే నా ఒళ్లో తిట్టినట్టున్న గొంతు అక్కడికి చేరేసరికి మాట స్పష్టంగా ఉంది. మొదటి గిటార్ అక్కడి నుంచి వింటే దుప్పటి కప్పినట్టుంది. అదే రోజు మా వయొలిన్ ఆవిడ కూడా వచ్చారు. రెండూ విని డి హోల్ వైపు వేలు చూపించి టీ తాగడానికి వెళ్లిపోయారు.

బొటనవేలు గోల చేస్తోంది, మీరన్నట్టే. మొన్న సాధనలో 240 మీద కూడా కార్డు కార్డులాగే ఉందని బాసిస్టు ఒప్పుకున్నాడు, అతని నుంచి అంతకు మించి రాదు.

ఒక చిన్న సందేహం. దీని టెయిల్‌పీస్‌కి కొక్కేలే ఉన్నాయి, నా దగ్గర మిగిలిన తీగలు చివర బంతి ఉన్నవి. ఎలాగోలా తగిలించొచ్చా, పారేయాల్సిందేనా?


కొయ్య_బ్రిడ్జి

కొక్కేలకి లూప్ ఎండ్ (చివర ఉంగరంలా మెలిక ఉన్న) తీగలే సరిగ్గా పడతాయి. కొన్ని టెయిల్‌పీసులు రెండు రకాలూ పడతాయి, కొక్కెం పక్కనే చీలిక ఉంటుంది, ఒకసారి అద్దం పెట్టి కింద నుంచి చూడండి. చీలిక లేకపోతే బంతిని బలవంతంగా ఇరికించకండి. బిగించేటప్పుడు ఊడి కంటి వైపు వస్తుంది. బంతిని కటింగ్ ప్లయర్‌తో మెల్లగా నలిపి రాల్చేస్తే మిగిలేది లూపే, మెలిక దగ్గర తీగ నలగకుండా చూసుకుంటే చాలు. సన్న తీగల రెండింటి మీద ఈ ప్రయోగం వద్దు, అవి అక్కడే తెగుతాయి. వాటికి లూప్ ఉన్నవి విడిగా తెప్పించుకోండి.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి జారి పడుతుంది, మళ్లీ స్థానం వెతుక్కోవాలి. దాని రెండు పక్కలా చెక్కకి అతికించి ఉన్న మీసాల్లాంటి ముక్కలు దాదాపు స్థానం చెబుతాయి గానీ, 11ల సెట్టుకి అది ఓ వెంట్రుక అటూ ఇటూ జరుగుతుంది. హార్మోనిక్‌తో సరిచూసుకోండి.